మకాం, ఖాయం, తలీతా కుమీ: హీబ్రూ మాటల కుదురు

ఎన్నికల రోజుల్లో పేపర్లలో తరచూ కనపడే వాక్యం ఒకటుంది: ‘పార్టీ ఇన్‌ఛార్జి వారం రోజులుగా నియోజకవర్గంలోనే మకాం వేశారు, టికెట్ ఆయనకే ఖాయం.’ ఈ మకాం, ఖాయం అనే రెండు మాటలకీ చుట్టరికం ఉందంటే తెలుగువాళ్లకి నమ్మబుద్ధి కాదు. ఒకటి దిగిన చోటు, రెండోది తిరుగులేని సంగతి. రెండూ ఉర్దూ మీదుగా వచ్చాయని మాత్రం చాలామందికి తెలుసు. అరబ్బీ చదివినవాళ్లకి ఆ రెంటిలోనూ ఒకే ఎముకల గూడు కనిపిస్తుంది: క్-వ్-మ్. లేవడం, నిలబడటం దాని భావం. నిలిచే చోటు మకాం, నిలబడి ఉన్నది ఖాయం. తెలుగులోకి వచ్చేసరికి ఒకటి ‘క’ అయింది, ఇంకోటి ‘ఖ’ అయింది. దాంతో ఉన్న కాస్త పోలికా చెదిరిపోయింది.

బైబిలు చదివేవాళ్లకి ఇదే గూడు మరోచోట తగులుతుంది. మార్కు సువార్తలో యేసు చనిపోయిన చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని ‘తలీతా కుమీ’ అంటాడు. చిన్నదానా, లే అని దాని అర్థం కూడా అక్కడే రాసి ఉంటుంది. ఆ మాట అరామిక్‌ది. అరామిక్, అరబ్బీ, హీబ్రూ మూడూ సెమిటిక్ కుటుంబంలోవే. హీబ్రూలో ‘లేచాడు’ అంటే కామ్. చోటు అంటే మకోమ్, అచ్చం మన మకామే. మేడలో అంతస్తు కోమా. ఉనికి కియ్యూమ్. తిరగబడ్డాడు అంటే హిత్కోమేమ్. తిరగబడేవాడు కూడా లేచి నిలబడేవాడే కదా.

ఇలా ఒక కుదురులోంచి పది మాటలు పుట్టడం ఏ భాషలోనైనా ఉంటుంది. హీబ్రూలో ఉన్న ప్రత్యేకత ఏమిటంటే, ఆ కుదురు అసలు మాటే కాదు. దాన్ని నోటితో పలకలేం.

తెలుగులో ‘రాయు’ అనేది మాట. దానికి వెనకాల తోకలు తగిలిస్తాం: రాయించు, రాయబడిన, రాతగాడు. ‘రాత’లో మొదటి అక్షరం చెక్కుచెదరలేదు. మార్పంతా చివరే. సంస్కృతంలో లిఖ్ అనే ధాతువు నుంచి లిఖితం, లేఖ, లేఖకుడు వస్తాయి. ఇక్కడ లోపలి ఇకారం ఏకారమైంది కాబట్టి హీబ్రూకి కాస్త దగ్గరే. అయినా లిఖ్ అనేదాన్ని పలకొచ్చు. దానికి సొంత అచ్చు ఉంది. హీబ్రూలో రాయడానికి కుదురు క్-త్-బ్. మూడు హల్లులు, మూడూ పొల్లులే. ఏ అచ్చూ దాని సొంతం కాదు. అచ్చులు బయటినుంచి వస్తాయి, ఒక వరసలో వస్తాయి, ఆ వరస మారితే మాట మారుతుంది.

కతవ్ అంటే రాశాడు. కోతేవ్ అంటే రాస్తున్నవాడు. క్తివా అంటే రాయడం. మిఖ్తావ్ ఉత్తరం, క్తోవెత్ అడ్రసు, మఖ్తెవా రాతబల్ల, కత్తావ్ పత్రికా విలేఖరి. హిఖ్తీవ్ అంటే ఇంకొకరి చేత రాయించాడు, అంటే డిక్టేట్ చేశాడు. యూదుల పెళ్లిలో వరుడి తరఫున రాసి ఇచ్చే ఒప్పందపత్రం కెతుబా. వాళ్ల పవిత్ర గ్రంథంలో మూడో భాగం పేరు కెతువీం. అక్షరాలా దాన్ని తెలుగు చేస్తే లేఖనాలు. తెలుగు క్రైస్తవులు మొత్తం బైబిలుకే వాడే మాట అది. ఈమధ్య ఆఫీసు ఈమెయిల్‌లో ‘సీసీ’లో పెట్టడానికి కూడా ఈ కుదురులోంచే ఒక క్రియ తయారు చేసుకున్నారు: కిత్తేవ్. ఒకచోట బ, ఒకచోట వ, ఒకచోట క, మరోచోట ఖ వినిపిస్తోందని కంగారు పడనక్కర్లేదు. అచ్చు తర్వాత వచ్చినప్పుడు బ మెత్తబడి వ అవుతుంది, క ఖ అవుతుంది, ప ఫ అవుతుంది. మన సరళాదేశ సంధిలో ‘క’ పోయి ‘గ’ వచ్చినట్టే అనుకోవచ్చు.

తెలుగులో అచ్చు అంటే స్వరం. అచ్చు అంటే మూస కూడా, బెల్లం అచ్చు, జంతికల అచ్చు అన్నట్టు. హీబ్రూలో ఈ రెండూ నిజంగానే ఒకటి. మూడు హల్లుల పిండిని ఏ అచ్చులో వేస్తే ఆ ఆకారం వస్తుంది. ఆ అచ్చేమో చాలామటుకు అచ్చులతోనే తయారవుతుంది. వ్యాకరణంలో కుదురుని షోరెష్ అంటారు, అంటే చెట్టు వేరు. క్రియలు పోసే అచ్చుకి బిన్యాన్ అని పేరు, అంటే కట్టడం. నామవాచకాలు పోసే అచ్చు మిష్కాల్, అంటే తూకం.

ఈ పద్ధతి ఎంత లోతుగా నాటుకుందో తెలియాలంటే లిపి చూడాలి. హీబ్రూకి 22 అక్షరాలు. అన్నీ హల్లులే. వాటిలో నాలుగు మాత్రం అవసరమైనప్పుడు అచ్చుల పని కూడా చేస్తాయి. అచ్చులకి గుర్తులుగా చుక్కలు, గీతలు ఉన్నాయి గానీ అవి చాలా తర్వాత వచ్చినవి. గలిలయ సముద్రం ఒడ్డున తిబెరియ పట్నంలోని పండితులు, సుమారు 7 నుంచి 10 శతాబ్దాల మధ్య, పవిత్ర గ్రంథం ఎలా చదవాలో మరిచిపోకుండా వాటిని పెట్టారు. ఈనాటికీ ఇజ్రాయెల్‌లో ఆ చుక్కలు పిల్లల పుస్తకాల్లో, కవిత్వంలో, ప్రార్థన పుస్తకాల్లో తప్ప పెద్దగా కనబడవు. రోజూ వచ్చే పేపరు గుణింతం లేకుండానే అచ్చవుతుంది.

తెలుగువాళ్లకి ఇది ఊహించడం కష్టం. గుణింతం తీసేస్తే మనకి రాతే ఉండదు. స్-ప్-ర్ అనే మూడక్షరాలు కాగితం మీద కనిపిస్తే హీబ్రూ పాఠకుడు దాన్ని సెఫెర్ అని చదవొచ్చు, అంటే పుస్తకం. సఫర్ అని చదవొచ్చు, లెక్కపెట్టాడు. సప్పార్ అని చదవొచ్చు, మంగలి. స్ఫార్ కూడా అవుతుంది, సరిహద్దు. పక్క మాటల్ని బట్టి ఏ అచ్చు సరిపోతుందో కన్ను తనంతట తానే పట్టుకుంటుంది. మన కన్ను అక్షరాలని కలుపుకుంటూ పోతుంటే, వాళ్ల కన్ను కుదురునీ అచ్చునీ విడదీస్తూ పోతుంది. పరాయిభాషగా నేర్చుకునేవాళ్లు ఎక్కువ తడబడేది ఇక్కడే. అక్షరాలు వారంలో వచ్చేస్తాయి, చదవడం మాత్రం ఏడాదికి గానీ రాదు.

సాధారణంగా ఈ విషయం రాసేవాళ్లంతా కుదురు దగ్గరే ఆగిపోతారు. మూడక్షరాల మహిమ గురించే చెబుతారు. నిజానికి సగం అర్థం అచ్చులో ఉంది. అచ్చుకి కూడా సొంత భావం ఉంటుంది, ఏ కుదురు పోసినా ఆ భావం చాలామటుకు మారదు.

వృత్తుల అచ్చు చూద్దాం. మొదటి హల్లు మీద అ, నడిమి హల్లుకి ఒత్తు, దాని మీద దీర్ఘం. వంటవాడు తబ్బాహ్, వడ్రంగి నగ్గార్, మంగలి సప్పార్, పాటగాడు జమ్మార్, చేపలు పట్టేవాడు దయ్యాగ్, విలేఖరి కత్తావ్. దొంగ గన్నావ్. దొంగతనాన్ని కూడా భాష వృత్తి కిందే జమకట్టిందన్నమాట. నేటి హీబ్రూ మాటలో ఆ ఒత్తు వినిపించదు, తబాహ్, సపార్ అనేస్తారు. అయినా అచ్చు చెక్కుచెదరలేదు. ఇదే అచ్చు అరబ్బీలోనూ ఉంది. దానితో తయారైన మాటలు మన బజార్లో ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీ వెనక ఉన్నది అరబ్బీ హమ్మాల్, మోసేవాడు. దలాలీ వెనక దల్లాల్, దారి చూపించేవాడు. బంగారం దుకాణం షరాబు వెనక సర్రాఫ్, నాణేలు మార్చేవాడు. చేర్యాల బొమ్మలు వేసే నకాషీల పేరు వెనక నక్కాష్. నాలుగింటికీ అచ్చు ఒకటే: హమ్మాల్, దల్లాల్, సర్రాఫ్, నక్కాష్. చదువుతుంటేనే చెవికి లయ తెలిసిపోతుంది.

హీబ్రూలో హమాలీని ఏమంటారు? సబ్బాల్. అదే అచ్చు, కుదురు వేరు: స్-బ్-ల్, భరించడం. అదే కుదురుని ఇంకో అచ్చులో పోస్తే సెవెల్, అంటే బాధ. మరో అచ్చులో సవ్లనూత్, అంటే ఓర్పు. ఇజ్రాయెల్ రోడ్ల మీద ట్రాఫిక్‌లో చేతివేళ్లన్నీ దగ్గరకి చేర్చి పైకి చూపిస్తూ అనే మాట ఈ సవ్లనూతే. కాస్త ఆగవయ్యా అని.

రోగాలకి కూడా ఒక అచ్చుంది. ఎరుపుకి అదోమ్, ఒంటి మీద ఎర్రగా పొక్కే రుబెల్లాకి అదెమెత్. పసుపు రంగు త్సాహోవ్, కామెర్లు త్సాహెవెత్. కుక్క కెలెవ్, రేబిస్ కలెవెత్. కారడం అనే కుదురు న్-జ్-ల్, ముక్కు కారే జలుబు నజెలెత్. చక్కెరకి సుకార్, షుగరు జబ్బుకి సుకెరెత్. మనం ‘షుగర్ వచ్చింది’ అని సరిపెట్టేసిన చోట వాళ్లు చక్కెరని జబ్బుల అచ్చులో పోశారు. కొత్త జబ్బు పేరు మొదటిసారి విన్నా అది జబ్బే అయి ఉంటుందని హీబ్రూ మాట్లాడేవాళ్లకి చాలామటుకు తడుతుంది.

పనిముట్ల అచ్చు ‘మ’తో మొదలవుతుంది. తెరవడం ప్-త్-హ్, తాళంచెవి మఫ్తేయహ్. ఇదే కుదురు అరబ్బీలో ఫ్-త్-హ్. తెరవడం నుంచి కోట తలుపులు తెరిపించడం, అక్కణ్నుంచి గెలుపు అనే అర్థం వచ్చాయి. హైదరాబాదు ఫతే మైదాన్‌లో ఉన్న ఫతే అదే. మార్కు సువార్తలోనే చెవిటివాడితో యేసు అన్న ‘ఎప్ఫతా’, తెరుచుకో, కూడా అదే. టెల్ అవీవ్ పక్కన 1878లో కట్టుకున్న ఊరు పెతహ్ తిక్వా, ఆశల ద్వారం. ఆలోచించడానికీ లెక్క కట్టడానికీ కుదురు హ్-ష్-బ్. దాన్ని పనిముట్ల అచ్చులో పోస్తే మహ్షేవ్, కంప్యూటర్. అందులోంచే మహ్షవా, ఆలోచన. హషూవ్, ముఖ్యమైన. హెష్బోన్, లెక్క. హోటల్లో తిన్నాక అడిగే బిల్లు కూడా హెష్బోనే.

క్రియల అచ్చులు ఏడు. వాటి గురించి వ్యాకరణ పుస్తకాలు పేజీలు పేజీలు రాస్తాయి. ఇక్కడ అంత అవసరం లేదు. మామూలుగా చెయ్యడం ఒకటి, జరగడం ఒకటి, చేయించడం ఒకటి, తమలో తాము చేసుకోవడం ఒకటి, ఇలా పోతుంది. కతవ్ రాశాడు, నిఖ్తావ్ రాయబడింది, హిఖ్తీవ్ రాయించాడు, హిత్కత్తేవ్ ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపాడు. మనం ‘బడు, ఇంచు, కొను’ తోకలతో చేసే పనిని వాళ్లు మాట లోపల చేస్తారు. అయితే పుస్తకాలు చెప్పినంత శుభ్రంగా ఏదీ ఉండదు. ఏ కుదురూ ఏడు అచ్చుల్లోనూ పడాలని లేదు, పడినా అనుకున్న అర్థమే రావాలనీ లేదు.

మూడు హల్లుల సిద్ధాంతం ఇవాళ పాఠ్యపుస్తకాల్లో ఉంది గానీ, దాన్ని కనిపెట్టడానికి వందల ఏళ్లు పట్టింది. కారణం కామ్ లాంటి మాటలే. కామ్‌లో వినిపించేవి క, మ రెండే. మూడోది ఏది? 10వ శతాబ్దంలో స్పెయిన్‌లోని కోర్డోబాలో మెనహేమ్ బెన్ సరూక్ హీబ్రూ నిఘంటువు రాసినప్పుడు, కొన్ని మాటలకి కుదురు రెండక్షరాలే, కొన్నింటికి ఒక్క అక్షరమే అనుకున్నాడు. కంటికి కనిపించినదాన్ని నమ్మాడు, తప్పు పట్టడానికి లేదు. ఆ తర్వాత మొరాకోలోని ఫెజ్ నుంచి కోర్డోబా వచ్చిన యెహూదా హయ్యూజ్ విషయాన్ని తిరగేశాడు. క్రియలన్నిటికీ కుదురు మూడు హల్లులే అన్నాడు. వ, య లాంటి బలహీనమైన హల్లులు కొన్ని అచ్చుల్లో కరిగిపోతాయి, వాటిని వెతికి పట్టుకోవాలి అన్నాడు. కామ్‌లో దాక్కున్నది వ. కియ్యూమ్‌లో అదే య అయి బయటపడుతుంది. ఒక్క దెబ్బతో అడ్డదిడ్డంగా కనబడిన వందల మాటలు వరసలో నిలబడ్డాయి.

ఈ చూపు హయ్యూజ్‌కి ఎక్కడిది? అరబ్బీ వ్యాకరణం నుంచి. కోర్డోబాలో యూదు పండితులు అరబ్బీలో చదివారు, అరబ్బీలో రాశారు. హయ్యూజ్ దారిలోనే 11వ శతాబ్దంలో సరగోస్సాలో వైద్యుడిగా ఉన్న యోనా ఇబ్న్ జనాహ్ హీబ్రూ కుదుళ్లన్నిటికీ నిఘంటువు రాశాడు. రాసింది హీబ్రూ గురించి, రాసిన భాష అరబ్బీ. దాని పేరు కితాబ్ అల్ ఉసూల్, కుదుళ్ల పుస్తకం. ఈ పేరులోని రెండు మాటలూ తెలుగు ఇళ్లలో ఉన్నవే. కితాబ్ మన దగ్గరకొచ్చి కితాబు అయింది, పెద్దలు మెచ్చుకుంటూ రాసి ఇచ్చే కాగితం, ఆ మీదట మెచ్చుకోలు. ఉసూల్ అనేది అస్ల్ అనే మాటకి బహువచనం. అస్ల్ అంటే వేరు, మూలం. మన ‘అసలు’ అదే. వడ్డీ కట్టాం గానీ అసలు తీరలేదు అన్నప్పుడు, అసలు సంగతేమిటి అని నిలదీసినప్పుడు మనం అంటున్నది వేరు గురించే.

అరబ్బీ, హీబ్రూ మాటలని పక్కపక్కన పెడితే రెండు చిన్న సూత్రాలు తేలతాయి. అరబ్బీలో స ఉన్నచోట హీబ్రూలో చాలాసార్లు ష ఉంటుంది. అరబ్బీలో ఆ ఉన్నచోట హీబ్రూలో చాలాసార్లు ఓ ఉంటుంది. సలాం మీద ఈ రెండూ ప్రయోగిస్తే షాలోం వస్తుంది. నాలుకకి అరబ్బీలో లిసాన్, హీబ్రూలో లషోన్. రాసేవాడు అక్కడ కాతిబ్, ఇక్కడ కోతేవ్. మకాం, మకోమ్ సంగతి ముందే చూశాం. తెలంగాణ పల్లెల్లో హిసాబు చెయ్యి అంటే లెక్క చెయ్యి అని. ఆ హిసాబుకి హీబ్రూ చుట్టం హెష్బోన్. ఈ పోలికలు ఏవో ఒకటి రెండు మాటల్లో తటస్థపడినవి కావు, వందల మాటల్లో ఇదే వరస నడుస్తుంది. భాషల చుట్టరికానికి సాక్ష్యం ఇలాంటి క్రమమే గానీ, ఎక్కడో ఒక మాట ఇంకో మాటలా వినిపించడం కాదు.

అన్నిటికంటే చిత్రమైన కుటుంబం అ-మ్-న్. ఇక్కడ మొదటి ‘అ’ నిజానికి గొంతులో పుట్టే హల్లు, తెలుగులో రాయడానికి వీలు లేదు. గట్టిగా ఉండటం, నమ్మదగి ఉండటం దీని భావం. ప్రార్థన చివర అనే ఆమేన్ ఈ కుదురుదే, ఇది గట్టిది, అలాగే జరుగుగాక అని. హీబ్రూలో ఎమునా నమ్మకం, నెఎమాన్ నమ్మకస్తుడు. అరబ్బీ వైపు నుంచి చూస్తే అమానత్, నమ్మి అప్పగించిన సొమ్ము. అది తెలుగులో అక్షరాలు తారుమారై అనామతు అయింది, బ్యాంకుల లెక్కల్లో అనామతు ఖాతా. నమ్మకస్తుడు అమీన్, మన కోర్టుల్లో జప్తుకి వచ్చే అమీనా. చర్చిలో ఆమేన్, కోర్టులో అమీనా, లెక్కల పుస్తకంలో అనామతు. ముగ్గురూ ఒక ఇంటివాళ్లే. జప్తు కాగితం అందుకున్నవాళ్లు ఈ చుట్టరికాన్ని ఒప్పుకోకపోవచ్చు.

ఇంత పదునైన యంత్రం దాదాపు 1,700 ఏళ్లు ఇంట్లో వాడుక లేకుండా ఉంది. ప్రార్థనలకీ, చదువుకీ, ఉత్తరాలకీ హీబ్రూ ఉండేది. పిల్లలు అమ్మ దగ్గర నేర్చుకునే భాషగా మాత్రం లేదు. 1881లో జెరూసలేం చేరిన ఎలియేజెర్ బెన్ యెహూదా తన ఇంట్లో హీబ్రూ తప్ప ఇంకేదీ మాట్లాడకూడదని పట్టుబట్టాడు. 1882లో పుట్టిన కొడుకుని అలాగే పెంచాడు. ఇంట్లో మాట్లాడాలంటే ఇంట్లో సామాన్లకి పేర్లు కావాలి. ప్రవక్తల భాషలో తువ్వాలుకి, సైకిలుకి, ఐస్‌క్రీముకి మాటలెక్కడివి? పాత కుదురు తీసుకోవడం, తెలిసిన అచ్చులో పోయడం, అదే పని. ఆయన తొలినాళ్లలో చేసిన మాట మిల్లోన్, నిఘంటువు. మిలా అంటే మాట. అంతకుముందు దాన్ని మాటల పుస్తకం అనేవారు. పత్రికకి ఇత్తోన్ అన్నాడు, ఏత్ అంటే కాలం.

ఆ తర్వాత ఎందరో ఈ పనికి పూనుకున్నారు. 1890లో ఏర్పడిన భాషా సమితి ఈ పని చేసింది, దాని స్థానంలో 1953లో వచ్చిన హీబ్రూ భాషా అకాడమీ ఇవాళ్టికీ ఇదే పని చేస్తోంది. యోబు గ్రంథం 9వ అధ్యాయంలో గద్ద ఎర మీదికి దూకడం గురించి ఒక క్రియ ఉంది. బైబిలు మొత్తంలో అది కనిపించేది ఆ ఒక్కచోటే. ఆ ఒక్క మాటలోంచి కుదురు పట్టుకుని మతోస్ అన్నారు, విమానం. వృత్తుల అచ్చులో పోసి తయ్యాస్ అన్నారు, పైలట్. తీసా విమాన ప్రయాణం, తయ్యెసెత్ వైమానిక దళంలో స్క్వాడ్రన్. రెండువేల ఏళ్లకు పైగా ఒక్క గద్ద కోసం కూర్చున్న కుదురు ఇప్పుడు ఎయిర్‌పోర్టు నిండా ఉంది.

పరాయి మాటలని కూడా ఈ యంత్రం వదలదు. మనం ఫోన్ చేశాం, మెసేజ్ పెట్టాం, గూగుల్ చేశాం అంటాం. వచ్చిన మాటని అలాగే ఉంచి పక్కన చెయ్యడమో పెట్టడమో తగిలిస్తాం. హీబ్రూ ఆ మాటని విరగ్గొట్టి హల్లులు ఏరుకుంటుంది. టెలిఫోన్ నుంచి ట్-ల్-ఫ్-న్ తీసి టిల్ఫేన్ అంటుంది, ఫోన్ చేశాడు. ఎస్సెమ్మెస్ నుంచి సిమ్మేస్, మెసేజ్ పెట్టాడు. గూగుల్ నుంచి గిగ్గేల్. సొంత మాటలని కూడా ఇలాగే మళ్లీ మెత్తి కొత్త కుదురు చేస్తుంది. మిస్పార్ అంటే సంఖ్య. అందులో మ అచ్చుది, కుదురుది కాదు. అయినా నంబర్లు వెయ్యడానికి మిస్పేర్ అనే క్రియ పుట్టింది, మ కుదురులో కలిసిపోయింది. ‘దిన్ వెహెష్బోన్’ అని పాత పదబంధం, విచారణ, లెక్క అని. దాన్ని పొడి అక్షరాలు చేసి దోహ్ అన్నారు, రిపోర్టు. పోలీసులు రాసే చలానా కూడా దోహే. ఆ పొడి అక్షరాలనే కుదురు చేసుకుని దివ్వెయహ్ అన్నారు, రిపోర్టు చేశాడు. అందుకే మాటలన్నీ పలకలేని కుదురులోంచే నేరుగా పుడతాయా, లేక ఒక మాటలోంచి ఇంకో మాట పుడుతుందా అన్న వాదన భాషాశాస్త్రంలో ఇంకా తెగలేదు. మిస్పేర్, దివ్వెయహ్ లాంటివి చూస్తే రెండో పక్షానికి బలం ఉందనే అనిపిస్తుంది.

ఇక జాగ్రత్తపడాల్సిన సంగతి. కుదురు సంగతి తెలిసిన ఉత్సాహంలో చాలామంది దాన్ని అర్థాలు కక్కే మంత్రపెట్టెలా వాడతారు. బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు. లెహెమ్ రొట్టె. మిల్హమా అంటే యుద్ధం, అందులోనూ ల్-హ్-మ్ ఉంది. చూశారా, యుద్ధాలన్నీ తిండి కోసమేనని హీబ్రూ భాషే చెబుతోంది అంటూ ప్రసంగాలు నడుస్తాయి. వినడానికి బాగుంటుంది. నిఘంటువులు మాత్రం ఈ రెంటినీ వేరువేరు కుదుళ్లుగానే చూపిస్తాయి. పైగా అరబ్బీలో లహ్మ్ అంటే మాంసం, బేత్లెహేము వాళ్లకి బైత్ లహ్మ్. అదే వాదం పట్టుకుంటే అరబ్బీవాళ్లు మాంసం కోసం, యూదులు రొట్టె కోసం కొట్టుకున్నారని చెప్పాలి. మిస్పార్ సంఖ్య, మిస్పరా క్షవరశాల. మంగలి దగ్గర లెక్కలేమీ ఉండవు. స్-ప్-ర్ అనే మూడు హల్లులు రెండు వేరువేరు కుదుళ్లలో ఒకేలా ఉన్నాయంతే. ఇందాక అచ్చు అన్న మాటతో చేసిన చమత్కారమూ ఇలాంటిదే. స్వరం అనే అచ్చు పాణిని ‘అచ్’ నుంచి వచ్చింది, మూస అనే అచ్చు ద్రావిడ మాట. తెలుగులో కలిశాయి గానీ పుట్టిళ్లు వేరు.

కుదురు నిజంగా ఒకటే అయినా అర్థం వాడుకలోనే తేలాలి. షాలోం శాంతి, షలేమ్ సంపూర్ణం, షిల్లేమ్ డబ్బు చెల్లించాడు. బాకీ తీరితే లెక్క పూర్తవుతుంది కాబట్టి దారి కనిపిస్తుంది. అంతమాత్రాన కరెంటు బిల్లు కట్టేవాడి మనసులో శాంతి ఉన్నట్టు కాదు. క్తోవెత్ ఇవాళ అడ్రసు. లేవీయకాండం 19వ అధ్యాయంలో అదే మాట ఒంటి మీద పొడిపించుకునే పచ్చబొట్టు గురించి వస్తుంది. కుదురు చూసి ఈ రెంటినీ ముందే ఊహించడం ఎవరి తరమూ కాదు. స్కాట్లండ్‌కి చెందిన బైబిలు పండితుడు జేమ్స్ బార్ 1961లో ఈ పొరపాటుని విడమరిచి చెప్పి, కుదురు నుంచి అర్థం పిండే అలవాటుని గట్టిగా ఎండగట్టాడు. అరవై ఏళ్లు దాటినా ప్రసంగాల్లో, వాట్సాప్ ఫార్వర్డుల్లో అది మాత్రం తగ్గలేదు.

అయితే కవి సంగతి వేరు. కుదురుతో ఆడుకోవడం హీబ్రూ కవులకి, ప్రవక్తలకి మొదటినుంచీ ఇష్టం. యిర్మీయా గ్రంథం మొదటి అధ్యాయంలో దేవుడు ప్రవక్తని ఏం కనిపిస్తోందని అడుగుతాడు. బాదం చెట్టు కొమ్మ అంటాడు యిర్మీయా. సరిగ్గా చూశావు, నా మాట నెరవేర్చడానికి నేను కాచుకుని ఉన్నాను అంటాడు దేవుడు. తెలుగులో చదివితే ఆ బాదం కొమ్మకీ ఈ కాచుకుని ఉండటానికీ సంబంధం ఏమిటో అర్థం కాదు. మామిడి కొమ్మ అయినా వేప కొమ్మ అయినా తేడా ఏముందనిపిస్తుంది. హీబ్రూలో బాదం షాకేద్, కాచుకుని ఉన్నవాడు షోకేద్. హల్లులు అవే మూడు: ష్-క్-ద్. చలికాలం పోకముందే, మిగతా చెట్లన్నీ నిద్రలో ఉండగానే, ఆ దేశంలో ముందుగా మేలుకుని పూసేది బాదం చెట్టే. చుట్టరికం నిజమా కాదా అని ప్రవక్త నిఘంటువు తిరగెయ్యలేదు, చెవికి వినిపిస్తే చాలు. అనువాదంలో కొమ్మ వచ్చింది, మేలుకోవడం వచ్చింది, రెంటినీ కలిపిన ఆ మూడు హల్లులే రాలేదు.

అదే ష్-క్-ద్ నుంచి ఇవాళ్టి బడుల్లో పొద్దస్తమానం పుస్తకం వదలని పిల్లవాడికి షక్దాన్ అని పేరు. ఈఎన్‌టీ డాక్టరు దగ్గర మాత్రం షకెదీం అంటే గొంతులో టాన్సిల్స్. వాటికి మెలకువతో పనేం లేదు, చూడటానికి బాదం పప్పుల్లా ఉంటాయి.